సర్వేలో కస్టమర్లు రాసిన మాటల్ని టాపిక్‌లుగా విడదీయడం: చేత్తోనా, కీవర్డ్‌లతోనా, ఏఐతోనా?

సర్వే చివర "ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని ఒక ఖాళీ పెట్టె ఉంటుంది. రేటింగ్‌లకు సగటు తీయడం రెండు నిమిషాల పని. ఆ పెట్టెలో జనం రాసిన మాటల దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోతుంది. ఎక్సెల్ షీట్‌లో మూడు వేల వరుసలు కనిపిస్తాయి. పైనున్న ఇరవై చదివి, మీటింగ్‌లో గుర్తున్న నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. నేను రోజూ చేసే పని ఇదే కాబట్టి ఇది చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఎవరో తీరిక చేసుకుని, తమకు జరిగింది నాలుగు వాక్యాల్లో రాశారు. ఆ మాట లెక్కలోకి రావాలి, అదీ సరైన లెక్కలోకి.

ఇప్పుడు ఏఐ వచ్చింది కాబట్టి అందరూ అడిగేది ఒకటే: ఏ టూల్ వాడాలి? దానికి జవాబు చెప్పే ముందు నేను ఒకటి అడుగుతాను. టాపిక్‌ల జాబితా మీ దగ్గర ఇప్పటికే ఉందా, లేక ఆ జాబితా కోసమే వెతుకుతున్నారా?

ఎందుకంటే ఇందులో రెండు పనులు కలిసిపోయి ఉంటాయి. జనం దేని గురించి మాట్లాడుతున్నారో కనిపెట్టడం ఒకటి. తెలిసిన విషయాల్లో ఏది ఎంతమంది అన్నారో లెక్కపెట్టడం ఇంకొకటి. కొత్త ప్రోడక్ట్ వదిలిన మొదటి నెలలో కనిపెట్టడం ముఖ్యం. రెండేళ్లుగా అదే సర్వే నెలనెలా నడుస్తుంటే లెక్కపెట్టడం ముఖ్యం. కనిపెట్టే పద్ధతితో లెక్కపెడితే ప్రతి నెలా టాపిక్‌లు మారిపోయి, పోయిన నెలతో పోల్చడానికి వీలుండదు. లెక్కపెట్టే పద్ధతితో కనిపెట్టాలని చూస్తే, జాబితాలో లేని విషయం అసలు కంటికే ఆనదు. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడ మొదలైనవే.

ఒక్క సమాధానం దగ్గర పెట్టుకుని చూద్దాం

"యాప్ బానే ఉంది కానీ డబ్బులు రెండుసార్లు కట్ అయ్యాయి, ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించారు. మీ సర్వీసుకో దండం."

ఇందులో మూడు విషయాలున్నాయి: యాప్, పేమెంట్, కస్టమర్ కేర్‌లో ఎదురుచూపు. యాప్ మీద మాట మంచిదే, మిగతా రెండూ ఫిర్యాదులు. ఎదురుచూపు గురించి చెప్పడానికి "వెయిటింగ్" అన్న మాట ఎక్కడా వాడలేదు, పాట వినిపించారన్నాడు అంతే. చివరి వాక్యంలో దండం పెట్టింది గౌరవంతో కాదని తెలుగు వచ్చిన ఎవరికైనా తెలుసు.

ఏ పద్ధతినైనా ఇలాంటి ఒక వాక్యంతో పరీక్షించి చూడండి. దాని బలమెంతో, లోపమెక్కడో వెంటనే బయటపడుతుంది.

చేత్తో చేయడం

సమాధానాలు ఐదు వందల లోపు ఉంటే చేత్తోనే చేయమంటాను. ఒక్కోదానికి 20 సెకన్లు పట్టినా గంటకు 180 అవుతాయి. ఐదు వందలకు మూడు గంటలు చాలు. ఏఐకి ప్రాంప్ట్ (ఏం చేయాలో చెప్పే సూచన) రాసి, దాన్ని పదిసార్లు దిద్ది, వచ్చిన ఫలితాన్ని సరిచూసే లోపు మీ చేతిపని అయిపోతుంది. పైగా చదివినవాళ్ల మనసులో జనం గొంతు మిగిలిపోతుంది. పట్టికలో "పేమెంట్ సమస్యలు: 14 శాతం" అని చూడటం వేరు, రెండుసార్లు డబ్బు పోయినవాళ్ల మాటలు డెబ్బై చదవడం వేరు.

దీని బలహీనత అలసట. పదో సమాధానానికి "బిల్లింగ్" అని పెట్టిన ట్యాగ్ (టాపిక్ పేరు), నాలుగు వందలవ సమాధానం దగ్గరికి వచ్చేసరికి "ధర"గా మారిపోతుంది. అందుకే చివరికి వచ్చాక మొదటి యాభై మళ్లీ చూడాలి. మీ ట్యాగులే మీకు నచ్చకపోవచ్చు, అప్పుడు దిద్దుకోవాల్సిందే.

పనంతా ఏఐతో చేయించాలనుకున్నా కొన్ని వందలు చేత్తో చదవక తప్పదు, ఎందుకంటే జాబితా పుట్టేది అక్కడే. ఎన్ని చదవాలన్నదానికి చిన్న లెక్క ఉంది. నూటికి ఒకరు మాత్రమే చెప్పే విషయం ఉందనుకోండి. కలగాపులగంగా ఏరిన 200 సమాధానాలు చదివితే అది ఒక్కసారైనా తగలకపోయే అవకాశం సుమారు 13 శాతం. 300 చదివితే అది 5 శాతానికి తగ్గుతుంది. నేను 300 దగ్గర ఆగుతాను. షీట్‌లో పైనుంచి వరసగా మాత్రం తీసుకోకండి. పైనుండేవి ఒకే రోజు వచ్చినవి అయ్యుంటాయి, ఆ రోజు సర్వర్ పడిపోయి ఉంటే జాబితా నిండా సర్వర్ గోలే ఉంటుంది.

కీవర్డ్‌లు

"లేట్" అన్న మాటుంటే డెలివరీ ఆలస్యం అని ట్యాగ్ పెట్టు అని ఒక రూల్ రాస్తాం. ఖర్చుండదు, క్షణాల్లో అయిపోతుంది, ఎందుకలా ట్యాగ్ పెట్టిందో చూపించమంటే రూల్ చూపించొచ్చు.

కానీ జనం ఎలా రాస్తారో చూడండి. "లేట్ అయ్యింది", "ఆలస్యం చేశారు", "ఇంకా రాలేదు", "వారం నుంచి చూస్తున్నా", "ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి". ఐదూ ఒకే ఫిర్యాదు. ఈ ఐదింటికీ కలిసే మాట ఒక్కటీ లేదు. తెలుగులో ఇంకో చిక్కు, మాట చివర మారిపోతూ ఉంటుంది: డబ్బు, డబ్బులు, డబ్బుల్ని, డబ్బులకి. "ఏ ఇబ్బందీ లేదు" అని మెచ్చుకుంటే "ఇబ్బంది" అన్న రూల్ దాన్ని ఫిర్యాదుల్లో పడేస్తుంది. ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసే తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒకే మాటకు నలుగురు నాలుగు స్పెల్లింగులు రాస్తారు.

అయినా కీవర్డ్‌లను నేను పూర్తిగా వదల్లేదు. ఎర్రర్ కోడ్‌లు, మోడల్ నంబర్లు, బ్రాంచ్ పేర్లు లాంటివి పట్టుకోవడానికి వాటికి మించింది లేదు. ఇంకా ముఖ్యంగా "పొగ", "మంట", "షాక్ కొట్టింది", "ఆస్పత్రి" లాంటి మాటలున్న సమాధానాలు ఏ టాపిక్‌లోకి వెళ్లినా సరే, ముందు ఒక మనిషి కళ్లబడాలి. ఈ రూల్ అనవసరమైనవి పది పట్టుకొచ్చినా ఫర్వాలేదు. అవసరమైనది ఒక్కటి జారిపోతేనే ప్రమాదం.

క్లస్టరింగ్: జాబితా లేకుండా వాటంతటవే గుంపులు కట్టించడం

టాపిక్ మోడలింగ్ అన్న పేరు చాలామంది వినే ఉంటారు. డేవిడ్ బ్లై, ఆండ్రూ ఎన్‌జీ, మైఖేల్ జోర్డాన్ 2003లో ప్రచురించిన ఎల్‌డీఏ పద్ధతి చాలాకాలం ఇందులో మొదటి ఎంపికగా ఉండేది. అది మాటల వరసను పట్టించుకోదు, ఏ మాటలు కలిసి వస్తున్నాయో చూసి టాపిక్‌లు అంచనా వేస్తుంది. పొడవాటి వ్యాసాలకు అది బాగా నప్పుతుంది. సర్వే సమాధానాలు ఎనిమిది, పది మాటలే ఉంటాయి కాబట్టి దానికి ఆధారం సరిపోదు. సర్వేల కోసం ఇప్పుడు ఎల్‌డీఏతో మొదలుపెట్టమని నేనెవరికీ చెప్పను.

ఇప్పటి పద్ధతి వేరు. ప్రతి సమాధానాన్ని దాని అర్థాన్ని బట్టి అంకెల వరసగా మార్చి, దగ్గరదగ్గరగా ఉన్నవాటిని గుంపు కడతారు. బెర్ట్‌టాపిక్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ లైబ్రరీ (సిద్ధంగా ఉన్న కోడ్) ఇలాగే పనిచేస్తుంది. "ఇంకా రాలేదు", "వారం నుంచి చూస్తున్నా" అన్న రెంటికీ కలిసే మాట లేకపోయినా ఒకే గుంపులో పడే అవకాశం ఇక్కడుంది. వేల సమాధానాలుండి, వాటిలో ఏముందో ఏమీ తెలియనప్పుడు ఇది నిజంగా ఉపయోగపడుతుంది. మీరు ఊహించని గుంపు ఒకటి బయటపడిందంటే ఆ ఒక్కదాని కోసమే పడ్డ శ్రమంతా సార్థకం.

చిక్కులూ ఉన్నాయి. ఏ గుంపులోకీ రాని సమాధానాలను బెర్ట్‌టాపిక్ -1 అనే నంబరు కింద పక్కన పడేస్తుంది. చిన్న సమాధానాలతో ఆ కుప్ప ఆశ్చర్యపడేంత పెద్దదవుతుంది. చాలామంది దాన్ని రిపోర్టులోంచి తీసేసి మిగతావాటికి శాతాలు వేస్తారు, అది తప్పుడు లెక్క. రెండోది, మామూలుగా నడిపితే ఒక సమాధానం ఒకే గుంపులోకి వెళ్తుంది. పైన చూసిన "యాప్ బానే ఉంది" సమాధానంలోని మూడు విషయాల్లో రెండు మాయమవుతాయి. మూడోది, యాదృచ్ఛికత వల్ల నడిపిన ప్రతిసారీ గుంపులు కాస్త మారతాయి. సీడ్ నంబరు (ఆ యాదృచ్ఛికత మొదలయ్యే సంఖ్య) బిగిస్తే అదే డేటాకు అదే ఫలితం వస్తుంది గానీ, వచ్చే నెల కొత్త డేటా చేర్చగానే మళ్లీ కదులుతాయి.

ఒకసారి నా దగ్గర గుంపులు చాలా చక్కగా వచ్చాయి. తీరా లోపల చదివితే తెలుగు లిపిలో రాసినవన్నీ ఒక గుంపు, ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిన తెలుగు ఇంకో గుంపు, ఇంగ్లీష్ మూడో గుంపు! మోడల్ విషయాన్ని వదిలేసి లిపిని చూసి విడదీసింది. అప్పటినుంచి గుంపు పేరు చూసి సంతోషపడటం మానేశాను. ప్రతి గుంపులోంచి కనీసం పదిహేను సమాధానాలు చదివాకే దానికి పేరు పెడతాను.

పెద్ద భాషా మోడళ్లు: రెండు రకాల వాడకం

చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చాక ఏఐ అంటే అందరికీ గుర్తొచ్చేది ఈ రకమే. దీన్ని వాడే తీరులో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

మొదటి తీరు: షీట్ మొత్తం కాపీ చేసి చాట్‌లో పేస్ట్ చేసి, "వీటిని టాపిక్‌లుగా విడదీసి ఒక్కోదాంట్లో ఎన్ని ఉన్నాయో చెప్పు" అనడం. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. తొమ్మిది వందల సమాధానాలు ఇచ్చాను. నిమిషంలో అందమైన పట్టిక వచ్చింది, ఎనిమిది టాపిక్‌లు, పక్కన సంఖ్యలు. అన్నీ కూడి చూస్తే తొమ్మిది వందలు రాలేదు. అనుమానమొచ్చి ఒక టాపిక్ తీసుకుని చేత్తో లెక్కపెట్టాను, అదీ తప్పే. మోడల్ ఒక్కొక్కటీ చదివి లెక్కపెట్టలేదు, లెక్కలా కనిపించే పట్టిక రాసిచ్చింది. ఆ పట్టికను అప్పటికే పైవాళ్లకు పంపి ఉంటే ఎంత టెన్షన్ పడేవాణ్నో! పొడవాటి టెక్స్ట్ ఇచ్చినప్పుడు మొదట్లో, చివర్లో ఉన్నవాటిని బాగా పట్టుకుని మధ్యలోవాటిని జారవిడిచే లక్షణం ఈ మోడళ్లలో ఉందని 2023లో పరిశోధకులు చూపించారు కూడా. చాట్‌లో పేస్ట్ చేసి "ఇందులో ఏమేం విషయాలు కనిపిస్తున్నాయి?" అని అడగడం వరకు మంచిదే, జాబితాకు ఆలోచనలొస్తాయి. సంఖ్యలు మాత్రం అడగకండి.

రెండో తీరు: జాబితా మీరే రాసుకుని, ఒక్కో సమాధానాన్ని ఏపీఐ (కోడ్‌తో మోడల్‌ను నేరుగా అడిగే దారి) ద్వారా విడివిడిగా పంపి, జాబితాలోంచి ఏ టాపిక్‌లు వర్తిస్తాయో మాత్రమే అడగడం. లెక్కపెట్టే పని ఎక్సెల్‌లో మీరు చేసుకుంటారు. కోడ్ రాయడం రాకపోతే పదేసి సమాధానాలకు వరస నంబర్లు వేసి చాట్‌లోనే పంపి, పది నంబర్లూ తిరిగొచ్చాయో లేదో చూసుకోవచ్చు. కాస్త విసుగ్గా ఉంటుంది కానీ నమ్మదగ్గది. "యాప్ బానే ఉంది" లాంటి సమాధానానికి మూడు టాపిక్‌లూ పట్టుకొచ్చేది ఈ పద్ధతే. పాట వినిపించారన్నది ఎదురుచూపు గురించేనని మంచి మోడల్ గ్రహిస్తుంది. దండాన్ని మాత్రం అప్పుడప్పుడు కృతజ్ఞతగా చదువుతుంది. కాబట్టి "మీకో దండం", "చాలా గొప్ప సర్వీసు, మూడుసార్లు తిరిగాను" లాంటి వెటకారాలు రెండు మూడు ప్రాంప్ట్‌లో ఉదాహరణలుగా పెట్టండి.

ప్రాంప్ట్‌లో ఫలితాన్ని నిజంగా మార్చేది టాపిక్‌కు మీరిచ్చే నిర్వచనం. "పేమెంట్" అని ఒక్క మాట ఇస్తే ధర ఎక్కువన్నవీ అందులోకే వచ్చి పడతాయి. ఇలా రాయండి: "పేమెంట్: డబ్బు కట్టే సమయంలో జరిగిన లోపం, రెండుసార్లు కట్ అవడం, రీఫండ్ రాకపోవడం. ధర ఎక్కువ అన్న మాట ఇందులోకి రాదు, అది 'ధర'లోకి వెళ్తుంది." ఏది రాదో చెప్పే ఆ రెండో వాక్యం చాలా తప్పుల్ని ఆపుతుంది. "ఇతరాలు", "అర్థం కాలేదు" అని రెండు గదులు కూడా ఇవ్వాలి, లేకపోతే "పర్వాలేదు" అని ఒక్క మాట రాసిన సమాధానాన్నీ ఎక్కడో ఒకచోట ఇరికిస్తుంది.

నాకు బాగా అక్కరకొచ్చిన ఉపాయం ఇంకొకటి ఉంది. ప్రతి టాపిక్‌కూ ఆధారంగా సమాధానంలోని మాటల్ని ఉన్నదున్నట్టు ఎత్తి చూపించమని అడగండి. ఆ ముక్క అసలు సమాధానంలో ఉందో లేదో ఎక్సెల్ ఫార్ములాతోనే చూడొచ్చు. లేకపోతే ఆ ట్యాగ్ అనుమానించాల్సిందే. మనిషి సరిచూసేటప్పుడు కూడా పని సగానికి సగం తగ్గుతుంది.

ఖర్చు విషయంలో తెలుగువాళ్లం గమనించాల్సింది ఒకటుంది. ఏపీఐ బిల్లు టోకెన్ల (మోడల్ మాటల్ని విడగొట్టుకునే చిన్న ముక్కల) లెక్కన పడుతుంది, అదే విషయం ఇంగ్లీష్‌లో రాసినదానికన్నా తెలుగు లిపిలో రాసినదానికి చాలా మోడళ్లలో ఎక్కువ టోకెన్లు పడతాయి. అలాగని ముందు ఇంగ్లీష్‌లోకి అనువదించి పంపడం నాకు నచ్చదు. దండం పోయేది అక్కడే.

సొంత మోడల్, సర్వే సాఫ్ట్‌వేర్‌లోని బటన్

మీరే ట్యాగ్ చేసిన కొన్ని వేల సమాధానాలు పోగయ్యాక వాటితో చిన్న మోడల్‌కు శిక్షణ ఇవ్వొచ్చు. వేగంగా నడుస్తుంది, మీ కంప్యూటర్ దాటి డేటా బయటకు పోదు, ఈ నెలా వచ్చే నెలా ఒకే తీరుగా ఉంటుంది. కొత్త టాపిక్ వస్తే మాత్రం మళ్లీ శిక్షణ ఇవ్వాలి. నెలకు లక్షల్లో సమాధానాలు వచ్చేవాళ్లకు ఇది సరైన దారి, మిగతావాళ్లకు తొందరేం లేదు.

సర్వే సాఫ్ట్‌వేర్‌లలో ఇప్పుడు టాపిక్‌లు తీసే బటన్ ఉంటోంది. కొనేముందు మూడు అడగండి. నా జాబితా నేను పెట్టుకోవచ్చా? ఒక సమాధానానికి రెండు మూడు టాపిక్‌లు ఇస్తుందా? ప్రతి సమాధానం పక్కన ట్యాగులతో డౌన్‌లోడ్ అవుతుందా? మూడోదానికి లేదంటే వద్దనుకోండి, ఎందుకంటే సరిచూసే దారే మూసుకుపోతుంది.

సరిచూడటం

ఏ పద్ధతి ఎంచుకున్నా 200 సమాధానాలు పక్కన పెట్టి, టూల్ ఏం చెప్పిందో చూడకుండా చేత్తో ట్యాగ్ చేయండి. తర్వాత రెంటినీ పోల్చండి. మొత్తాలను మాత్రం పోల్చకండి. పేమెంట్ ఫిర్యాదులు మీకు 40 వచ్చాయి, టూల్‌కు 38 వచ్చాయి, బ్రహ్మాండం అనిపిస్తుంది. కానీ రెంటిలోనూ ఉన్నవి 30 మాత్రమే అయితే, టూల్ 8 తప్పుగా పట్టింది, 10 వదిలేసింది. తప్పులు ఒకదాన్నొకటి కప్పేశాయంతే. ఫిర్యాదు చేసిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయాలనుకుంటే ఆ వదిలేసిన పదిమందికి ఫోన్ రాదు.

"91 శాతం కలిశాయి" అన్నమాటా మోసం చేయొచ్చు. పదింట ఒకటి పేమెంట్ ఫిర్యాదు అనుకోండి. ఇద్దరు మనుషులు ఏమీ చదవకుండా ఊరికే పదింట ఒకదానికి ఆ ట్యాగ్ పెట్టుకుంటూ పోయినా, 81 శాతం చోట్ల ఇద్దరూ కాదంటారు, 1 శాతం చోట్ల ఇద్దరూ అవునంటారు. అంటే గుడ్డిగా పెట్టినా 82 శాతం కలుస్తాయి. ఈ అదృష్టాన్ని తీసేసి చూడటానికి జాకబ్ కోహెన్ 1960లో కప్పా అనే కొలత ఇచ్చాడు. 82కు పైన మిగిలింది 18, అందులో మీరు సాధించింది 9. కప్పా 0.5. గొప్పగా చెప్పుకునే సంఖ్యేం కాదు. మరి ఎంతుండాలి? ముందు మీ టీమ్‌లో ఇద్దరు మనుషుల మధ్య కప్పా చూడండి. మనుషులిద్దరికే 0.6 వస్తే మోడల్ నుంచి 0.9 ఆశించడం న్యాయం కాదు. ముందు నిర్వచనాలు బాగుచేయాలి.

చిన్న శాంపిల్ కొలతకు ఊగిసలాట ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. 200లో 20 శాతం అని తేలిన విషయం అసలు జనంలో 14.5 నుంచి 25.5 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పోయిన నెల 18, ఈ నెల 20 అయితే గాభరా పడక్కర్లేదు.

అయితే ఏది ఎంచుకోవాలి?

ఒక్కసారి చేసే సర్వే, ఐదు వందల లోపు సమాధానాలు: చేత్తో. ఇంకో ఆలోచన వద్దు.

వేలల్లో ఉన్నాయి, ఏముందో తెలియదు: 300 చేత్తో చదివి, క్లస్టరింగ్‌తో మిగతావాటిని ఒకసారి తిరగేసి, మీరు చదివినదాంట్లో తగలని గుంపు ఏమైనా ఉందా చూసి, జాబితా ఖాయం చేసుకోండి. అక్కడితో క్లస్టరింగ్ పని అయిపోయింది. లెక్కలకు భాషా మోడల్ రెండో తీరు వాడండి.

నెలనెలా నడిచే సర్వే అయితే సూటిగా చెబుతాను: మీ జాబితా, మీ నిర్వచనాలు, భాషా మోడల్, ప్రమాద సూచనలకు కీవర్డ్ రూల్స్. ఎక్కువమందికి సరిపోయేది ఇదే. మోడల్ ఏ వెర్షనో రాసి పెట్టుకోండి. కంపెనీవాళ్లు వెర్షన్ మార్చినప్పుడు అవే 200 సమాధానాలు మళ్లీ నడిపి చూడండి. లేకపోతే గ్రాఫ్‌లో కనిపించే మార్పు కస్టమర్లదో మోడల్‌దో తేల్చుకోలేరు.

బయటి సర్వర్‌కు పంపకూడని సమాచారమైతే, అంటే ఆరోగ్యం, ఉద్యోగుల ఫిర్యాదులు లాంటివైతే, మీ సొంత మెషీన్‌లో నడిచే మోడల్ లేదా చేతిపని. మామూలు సర్వేల్లో కూడా జనం అడక్కుండానే ఫోన్ నంబర్లు, ఆర్డర్ నంబర్లు, సిబ్బంది పేర్లు రాసేస్తారు. పంపేముందు నంబర్లను చెరిపేయడం కష్టం కాదు, పేర్లకే ఓపిక కావాలి.

ఏది ఎంచుకున్నా ప్రతి నెలా "ఇతరాలు" గది తెరిచి చదవండి. కొత్త సమస్య ముందుగా చేరేది అందులోకే. ఆ గది పదిశాతం దాటితే జాబితాకు వయసైపోయిందని నేను లెక్క. అప్పుడు కొత్త టాపిక్ చేర్చి, పాత మూడు నెలల సమాధానాలనూ కొత్త జాబితాతో మళ్లీ నడపండి. అలా చేయకుండా చేర్చితే, ఈ నెలే పుట్టినట్టు గ్రాఫ్‌లో కనిపించే సమస్య నిజానికి మూడు నెలలుగా ఆ గదిలో మూలుగుతూ ఉండొచ్చు.